గ్రేటర్ నోయిడాలో జరుగని ఆట

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దలు చెప్పిరి. ఇల్లే లేనివాడు ఎక్కడ గెలిచి ఎక్కడకు పోవలెనో వారు చెప్పలేదు. చెప్పవలసిన అవసరము వారికి కలుగలేదు కాబోలు. నేటి క్రికెట్టు లోకమున అట్టి గృహహీనులు కలరు. స్వదేశమున ఆడవలసిన ఆటను పరదేశపు మైదానమున ఆడుచు, తమ అతిథులను పరుల ముంగిటికి పిలిచి అక్కడనే మర్యాదలు చేయవలసిన స్థితి వారిది. అట్టి చోటునకు తటస్థ క్షేత్రమని సభ్యమైన పేరొకటి పెట్టినారు. ఆ తటస్థ క్షేత్రము మన భారతదేశమే అయినపుడు మన ధర్మమేమి? 2024 సెప్టెంబరు మాసమున గ్రేటర్ నోయిడాలో జరిగిన, కాదు, జరుగవలసియుండి జరుగని ఆటను తలచుకొనినపుడెల్ల ఈ ప్రశ్న మమ్ము వదలుట లేదు.

అది ఆఫ్గనిస్థానమునకును న్యూజిలాండునకును ఏర్పాటైన టెస్టు ఆట. సెప్టెంబరు 9వ తేదీ మొదలు 13వ తేదీ వరకు ఐదు దినములు. పిలిచినవారు ఆఫ్గనులు, వచ్చినవారు న్యూజిలాండువారు, చోటు మనది. మొదటి దినమున ఆటవేళ వాన కురియలేదు, ఎండయు కాసినది. అయినను ఆట సాగలేదు. అంతకు ముందు కురిసిన వాననీరు పచ్చికలో నిలిచిపోయి ఇంకలేదు. అంపైర్లు మాటిమాటికి వచ్చి కాలితో నేలను నొక్కి చూచి మరలిపోయిరి. రెండవ దినమునను అదే కథ. తడిసినచోట గడ్డిని పెల్లలు పెల్లలుగా త్రవ్వి తీసి, అభ్యాసము చేసికొను స్థలమునుండి పొడి పెల్లలు తెచ్చి అతికించిరి. ఇండ్లలో ఉక్కపోతకు పెట్టుకొను విద్యుత్పంకాలను మైదానము నడుమకు మోసికొని వచ్చి నేలకు గాలి విసరిరి. కళ్ళములో తడిసిన ధాన్యమును ఆరబెట్టుకొను రైతు అవస్థను చూచినవారికి కన్నీరు వచ్చును. ఈ ఛాయాపటములను చూచినవారికి నవ్వు వచ్చినది. ఆ నవ్వు ఆఫ్గనులమీద కాదు, మనమీద. తరువాత మూడు దినములును నిజముగనే వాన కురిసి తక్కిన సిగ్గును కప్పివేసినది. నాణెమైనను ఎగురవేయకుండ, ఒక్క బంతియైనను వేయకుండ ఆట ముగిసినట్లు ప్రకటించిరి.

టెస్టు ఆటలు 1877లో ఆరంభమైనవి. నాటినుండి బంతి పడకుండ పోయిన టెస్టులు దీనితో ఎనిమిది మాత్రమే. దీనికి ముందటిది 1998లో న్యూజిలాండు దేశపు డునెడిన్ నగరమున, అదియు మన జట్టు ఆడవలసినదే. భారతభూమిమీద మాత్రము ఇట్టిది మున్నెన్నడును జరిగి యెరుగము. ఆ అపకీర్తి ఏ కానిదినమున మనకు దక్కెను? మన యింటిలో మరియొకడు పందిరి వేసికొని బంధువులను పిలిచిన దినమున.

ఒక ఆట పోయినంత మాత్రమున ఇంత వగపు ఎందుకని పాఠకులు అడుగవచ్చును. మనకు పోయినచో వగపు అక్కరలేదు. మనవారు ఒక్క సంవత్సరములో పది టెస్టులకు మించి ఆడుట కద్దు. ఆఫ్గనులకు 2017 జూనులో పూర్తి సభ్యత్వము లభించినది; 2018 జూనులో మొదటి టెస్టు ఆడిరి; 2024 సెప్టెంబరు నాటికి, అనగా ఆరేండ్లకు పైగా గడచినను, వారాడినవి తొమ్మిది మాత్రమే. నోయిడాలోనిది పదవది. న్యూజిలాండుతో మొదటిది. తొమ్మిది దేశములు చేరి ఆడుకొను టెస్టు విజేతృత్వపు పోటీలో వారికి చోటు లేదు. కనుక ఎవరైన దయదలచి వచ్చిననే వారికి టెస్టు. కరవులో దొరికిన గుప్పెడు గింజలు నేలపాలైనచో కలుగు బాధను, గాదెలు నిండినవాని లెక్కతో కొలువరాదు గదా!

ఈ జట్టు పుట్టుక తలచుకొనినచో వారిమీది గౌరవము రెట్టింపగును. రష్యాసేనలు తమ దేశమున ప్రవేశించిన పిమ్మట లక్షలాది ఆఫ్గనులు సరిహద్దు దాటి పెషావరు ప్రాంతపు శిబిరములలో తల దాచుకొనిరి. ఆ గుడారముల నడుమ దుమ్ములో పిల్లలు నేర్చిన ఆట ఇది. 2008లో జెర్సీ ద్వీపమున జరిగిన ఐదవ తరగతి పోటీలో గెలుచుట వారి మొదటి మెట్టు. రెండేండ్లలో ఇరువది ఓవర్ల ప్రపంచపు పోటీకి ఎక్కిరి. ఇంతటి వేగముతో పైకి వచ్చిన జట్టు మరియొకటి మాకు తెలియదు. కాని తమ దేశమున మాత్రము ఆడలేకపోయిరి. 2018 మే మాసమున జలాలాబాదులో రాత్రివేళ ఆట చూచుచున్న జనుల నడుమ బాంబులు ప్రేలి కొందరు మృతిచెందిరి. అట్టిచోటికి ఏ దేశము తన పిల్లలను పంపును? కనుక మొదట షార్జా, పిదప 2015 చివర కుదిరిన ఒప్పందముచే గ్రేటర్ నోయిడా, ఆపైన దేహరాదూను, లక్నో, అబూదాబీ: ఇట్లు వారి నివాసము ఊరూర మారుచు వచ్చినది.

మన నేలమీద వారికి కీడును మేలును రెండును కలిగినవి. 2018లో బెంగుళూరున మనతో ఆడిన తొలి టెస్టు రెండు దినములలోనే ముగిసినది. ఒక్క దినముననే రెండుసార్లు అందరును అవుటైరి. ఆ పరాభవము జరిగి ఏడాదియైనను నిండకమునుపే, 2019 మార్చిలో దేహరాదూనున ఐర్లాండును ఏడు వికెట్ల తేడాతో ఓడించిరి. రహమత్ షా మొదట 98, మరల 76 పరుగులు చేసినాడు. రషీదుఖాను రెండవ ఇన్నింగ్సులో ఐదు వికెట్లు తీసినాడు. ఆడిన రెండవ టెస్టులోనే విజయము! మనమో, 1932లో నాయుడుగారి నాయకత్వమున లార్డ్సులో అడుగుపెట్టిన పిమ్మట, ఇరువది యేండ్లు వేచి, ఇరువదియైదవ టెస్టున, 1952లో మదరాసులో గెలిచితిమి. ఆఫ్గనుల ఆ తొలివిజయమునకు చోటిచ్చిన పుణ్యము హిమాలయపు పాదమున ఉన్న మన ఊరికి దక్కినది. ఆ పుణ్యమునంతయు ఐదేండ్ల పిమ్మట నోయిడాలో నీటిలో కలిపితిమి.

తటస్థ క్షేత్రము క్రొత్తది కాదు. 1912లో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఈ మూడును చేరి ఇంగ్లండున ముక్కోణపు పోటీ ఆడినపుడు, మాంచెస్టరున ఆస్ట్రేలియావారును దక్షిణాఫ్రికావారును ఆడిన ఆట పరులనేలను జరిగిన మొదటి టెస్టు. మాథ్యూస్ అను బౌలరు ఒక్క దినముననే రెండు పర్యాయములు వరుసగా మూడేసి వికెట్లు తీసినది ఆ ఆటలోనే. నాటి తటస్థతకు అర్థము, దొరగారి పెరటిలో వలసదేశములు ఆడుకొనుట. ఆ వేసవి అంతయు వాన కురిసి ఆ పోటీ రక్తి కట్టలేదు.

నిరాశ్రయుల తటస్థత మన కాలపుది. 2009 మార్చి 3వ తేదీని లాహోరున శ్రీలంక ఆటగాండ్రు పోవుచున్న బస్సుమీద ముష్కరులు కాల్పులు జరిపిరి. పోలీసులు ఆరుగురు, పౌరులిద్దరు చనిపోయిరి. నాటినుండి పదేండ్లు పాకిస్థానమున టెస్టు లేదు. 2010లో వారు ఆస్ట్రేలియాను తమ అతిథిగా ఇంగ్లండుకు పిలిచిరి! లార్డ్సులో ఓడి, లీడ్సులో ఆస్ట్రేలియాను 88 పరుగులకు పడవేసి గెలిచిరి. ఆ పిమ్మట దుబాయి, అబూదాబీ, షార్జా వారి ఇండ్లైనవి. 2012లో అక్కడనే ఇంగ్లండును మూడు టెస్టులలోను ఓడించిరి. 2016లో మిస్బా నాయకత్వమున టెస్టు జట్లలో మొదటి స్థానమునకు ఎక్కిరి. ఆ వైభవమును కన్నులార చూచినవారెందరు? ఎడారి ఎండలో ఖాళీ కుర్చీలు చూచినవి. 2009లో పదేండ్ల వయసున్న లాహోరు బాలుడు 2019 డిసెంబరున రావల్పిండిలో టెస్టు మరల ఆరంభమగునాటికి ఇరువది యేండ్లవాడైనాడు. హత్య చేసినవారు ఎవరో, శిక్ష అనుభవించినది ఎవరో! పాకిస్థానపు ప్రభుత్వముతో మనకు గల వైరము వేరు, ఆ బాలునితో మనకు వైరము లేదు.

మనకును పాకిస్థానమునకును 2024 డిసెంబరున కుదిరిన ఏర్పాటు మరియొక జాతిది. 2027 వరకు ప్రపంచపు పోటీలలో ఒకరింటికొకరు పోక మూడవచోట ఆడుదురట. 2025 మార్చిలో మనవారు దుబాయిలోనే అన్ని ఆటలును ఆడి కప్పు గెలుచుకొని వచ్చిరి. నెత్తురు చిందినచోట ప్రభుత్వములు వెనుకాడుటను మేము ఆక్షేపింపము. కాని ఇల్లుండియు ఒకరి గడప ఒకరు త్రొక్కని వారి తటస్థ క్షేత్రము వేరు. ఇల్లు లేనివాని తటస్థ క్షేత్రము వేరు. రెండింటికి ఒకే పేరు పెట్టుటచేత రెండవవాని కష్టము మన కంటికి ఆనకున్నది.

పేరు మాట వచ్చినది గనుక చెప్పెదము. తటస్థుడనగా ఒడ్డున నిలిచినవాడు. కొట్లాడుకొను ఇద్దరి నడుమ ఒడ్డున నిలుచుట న్యాయమే. కాని ఆఫ్గనులకును న్యూజిలాండువారికిని కొట్లాట లేదే! అక్కడ మనము ఒడ్డున నిలుచుటకు కారణమేమి? చోటిచ్చినవాడు ఆ క్షణముననే గృహస్థుడగును. నోయిడాలో మనము చోటును మాత్రమిచ్చి గృహస్థ ధర్మమును మరచితిమి. మైదానమున నీరు నిలిచినది, మనము ఒడ్డున నిలిచితిమి.

దీనికి సమాధానములు చెప్పువారు లేకపోలేదు. మన క్రికెట్టు నియంత్రణ మండలివారు వేరుచోట్లను కూడ చూపిరనియు, రాకపోకల సౌకర్యమునకై ఆఫ్గనులే నోయిడాను కోరిరనియు చెప్పిరి. కానిండు. అతిథి వచ్చి, ఈ అరుగుమీదనే పడుకొందునని అనినాడనుకొందము. ఆ అరుగుపై కప్పు కారునని అతిథికి తెలియకపోవచ్చును, ఇంటివానికి తెలియదా? తెలిసియు చెప్పకుండుట మర్యాదయా? తెలియదనినచో అది ఎవరి ఇల్లు?

వాన దైవాధీనమనువారును కలరు. వాన దైవాధీనమే, నీరు పోవు తూము మానవాధీనము. బెంగుళూరు మైదానమున 2017లోనే పచ్చికక్రింద గొట్టములు వేసి, యంత్రముతో నీటిని లాగివేయు ఏర్పాటు చేసినారు. సింహళమున, వాన రాగానే, మైదానము మధ్యను మాత్రమే గాక, అంచు వరకు పరదాలు పరచి కప్పుదురు. అది మనకంటె ధనికదేశము కాదు. పచ్చికక్రింద ఇసుక పరచి, దానిక్రింద గొట్టములు వేసిన మైదానము వాన వెలిసిన కొలది గంటలలో ఆటకు సిద్ధమగును. ఒండునేలమీద గడ్డి పెంచి ఊరకున్నచో పంకాలే గతి. ఇది మన రైతు ఎరుగని శాస్త్రము కాదు.

నిష్పక్షపాతముగ మరియొక మాటయు చెప్పవలెను. ఆ సెప్టెంబరు చివర కాన్పూరున మనవారే బంగ్లాదేశుతో ఆడిన టెస్టులో రెండవ దినమును మూడవ దినమును ఒక్క బంతియు పడలేదు. మూడవ దినమున పోయినది తడిసిన నేలవలననే. మన సొంత కప్పును కారుచున్నదన్నమాట. అయితే మనవారు బలవంతులు కనుక మిగిలిన రెండు దినములలో వాయువేగమున పరుగులు తీసి ఆ ఆటను గెలిచిరి. బలవంతునకు పోయిన దినములను తిరిగి సంపాదించుకొను ఉపాయముండును. ప్రపంచ క్రికెట్టు మండలి 2024 మొదలు 2027 వరకు పంచు ఆదాయములో నూటికి 38 పాళ్ళకు మించి మనది. ఆఫ్గనులది మూడు పాళ్ళకు లోపు. ఇంత గాదె కలిగిన ఇంట అతిథిని తడిబట్టలతో నిలుచుండబెట్టుట పేదరికము కాదు, అలక్ష్యము. నోయిడా మైదానము స్థానికపు అభివృద్ధి సంస్థదనియు, తమది కాదనియు క్రికెట్టు పెద్దలు అనవచ్చును. బయటి దేశముల పత్రికలు అభివృద్ధి సంస్థ పేరు వ్రాయలేదు. భారతదేశము పేరు వ్రాసినవి.

ఆ పది దినములు గడవకమునుపే ఆఫ్గనులు షార్జాకు పోయి, దక్షిణాఫ్రికాను ఒకమారు 106 పరుగులకు అవుటుచేసి, మరియొకమారు 177 పరుగుల తేడాతో ఓడించి, మూడింట రెండు గెలిచిరి. వారికి కావలసినది జాలి కాదని దీనిచేత తెలియుచున్నది. పొడినేల ఇచ్చిన చాలును.

ఇక ఆంధ్రులమైన మనకు ఈ విషయముతో సంబంధమేమి? కలదు. హైదరాబాదువారికి తటస్థపు ఆట క్రొత్త కాదు. 1987 ప్రపంచపు పోటీలో ఫతే మైదానమున న్యూజిలాండుతో తలపడిన జింబాబ్వే జట్టు ఓటమి అంచునకు చేరియుండగా హౌటన్ అనునతడు 142 పరుగులు చేసి గెలుపు వాకిటివరకు తెచ్చినాడు. మూడే పరుగులలో ఆట తప్పిపోయినది. ఆనాడు అక్కడ ఉన్నవారు నేటికిని ఆ ఆటను చెప్పుకొందురు. 2023లో పాకిస్థానపు జట్టు ఉప్పలులో ఆడవచ్చినపుడు విమానాశ్రయమునందే జనులు వారిని ఆదరించిరి. అక్కడనే వారు శ్రీలంక చేసిన 344 పరుగులను దాటి గెలిచిరి. పరాయివారి ఆటను తమదిగా చూచుట ఆ నగరమునకు తెలియును. ఇక రషీదుఖాను సంగతి వేరుగ చెప్పనేల? 2017 మొదలు 2021 వరకు ఐదేండ్లు హైదరాబాదు జట్టున ఆడినవాడు. అతడు బంతి చేత పుచ్చుకొనినపుడు ఉప్పలు మైదానము లేచి నిలిచినది. మహమ్మదు నబీయు ఆ జట్టువాడే. వీరిరువురిని మనము కూలికి పిలిచి ఆడించుకొని ఆనందించితిమి. వారి దేశము ఆడుకొనుటకు ఐదు దినములు చోటిచ్చుట ఆ ఋణములో వడ్డీకైనను సరిపోవునా?

మా కోరిక ఇది. హైదరాబాదు, ఆంధ్ర క్రికెట్టు సంఘములు రెండును కేంద్రపు మండలివారి అనుమతి పుచ్చుకొని, ఉప్పలునో విశాఖపట్టణమునో ఆఫ్గనుల టెస్టులకు ఇచ్చెదమని ముందుకు రావలెను. వర్షర్తువున కాదు, పుష్యమాఘములలో, ఆకాశము నిర్మలముగ ఉన్నపుడు. కట్నకానుకలవలె కాగితముమీద ఇచ్చి ఊరకుండక, మైదానపు పనివారిని, పరదాలను, వంటవారిని, తుదకు త్రాగునీటిని కూడ తమ బాధ్యతగా గైకొనవలెను. పాఠశాలల పిల్లలను ఉచితముగ రానిచ్చినచో దుబాయిలోవలె ఖాళీ కుర్చీలకు ఆడవలసిన గతి వారికి పట్టదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ కలదు. దానిని దాటిపోవుట ధర్మము కాదు. 2021 ఆగస్టున తాలిబానులు కాబూలు పట్టుకొనిన పిమ్మట ఆ దేశపు స్త్రీలకు ఆట లేదు, ఉన్నత పాఠశాల లేదు. 2020లో ఇరువదియైదుగురు స్త్రీలకు క్రికెట్టు సంఘము ఒప్పందములిచ్చియుండెను. వారిలో చాలమంది ప్రాణములు దక్కించుకొని ఆస్ట్రేలియా చేరిరి. ఈ కారణముచేతనే ఆస్ట్రేలియావారు 2021లో హోబర్టు టెస్టును వాయిదా వేసిరి. 2023లోను, 2024లోను అరబ్బు ఎడారిలో ఆడవలసిన ఆటలను మానుకొనిరి. ఇట్టి పాలకుల జట్టుకు మనము చోటిచ్చుట పాపమునకు పందిరి వేయుట కాదా, అని అడుగువారికి మేము తల వంచి సమాధానము చెప్పవలసియున్నది. రషీదుఖాను ఆ పాలకులను ఎన్నుకొనలేదు. స్త్రీల విద్యను నిలుపుటను ఆతడు బహిరంగముగ నిరసించినాడు. ఇతనిని వెలివేసినచో కాబూలులో ఒక్క పాఠశాలయైనను తెరచుకొనదు. కాని పురుషులకు పందిరి వేసి స్త్రీలను వాకిట నిలుపుటయు మా వల్ల కాదు.

ఆ స్త్రీలు 2025 జనవరి 30వ తేదీని మెల్బోర్నులో ఒక ఆట ఆడిరి. దేశమువారి గుర్తింపు లేదు. అయినను మూడేండ్లకు పైగా చెదరియున్నవారు ఒక్కచోట కూడి ఆడిరి. ఆ ఏప్రిలులో ప్రపంచ మండలివారు వీరి సహాయార్థమై ఒక ఏర్పాటు ప్రకటించినపుడు మన మండలియు, ఇంగ్లండు, ఆస్ట్రేలియా సంఘములును అందులో చేరినవి. సంతోషము. ఆ సహాయము లెక్కల పుస్తకములో ఉండిపోక నేలమీదికి రావలెను. పురుషులకు ఉప్పలునిచ్చినచో ఈ స్త్రీలకు విశాఖపట్టణమును ఇవ్వవలెను. కాబూలు సంఘమువారు దీనికి ఒప్పుకొనరనువారు కలరు. ఒప్పుకొనకున్న మానె. మన మైదానమును మనమెవరికి ఇచ్చునదియు కాబూలున తేలవలసిన విషయము కాదు. పఠనాలయములవారును, పట్టణముల క్రీడాసంఘములవారును ఈ రెండు కోరికలను తీర్మానములుగ చేసి, రెండు రాష్ట్రముల క్రికెట్టు సంఘములకును పంపుదురు గాక.